మా ఫుట్‌బాల్‌కి జనం ఎలా వచ్చారంటే

మా ఊళ్లో ఫుట్‌బాల్ క్లబ్బు ఉందంటే పక్క మండలం వాళ్లు కూడా నమ్మరు. పత్తి, మిరప తప్ప వేరే ధ్యాస లేని నల్లరేగడి నేల ఇది. ఇక్కడ కుర్రాళ్లు క్రికెట్ ఆడతారు, నడివయసు వాళ్లు సాయంత్రాలు వాలీబాల్ ఆడతారు, తిరునాళ్లకు కబడ్డీ పెడతారు. ఫుట్‌బాల్ ఎవరాడతారంటే, మిషన్ హైస్కూల్లో మా ఆయన దగ్గర డ్రిల్లు నేర్చుకున్న పిల్లలు ఆడతారు. చదువులైపోయి, పెళ్లిళ్లయ్యి, ఆటోలు తోలుకుంటూ, పురుగుమందుల కొట్లలో పని చేసుకుంటూ కూడా ఆడతారు. మాది ఏ లీగులోనూ లేని క్లబ్బు. చీరాల నుంచో వినుకొండ నుంచో మాలాంటి జట్టే ఒకటి వస్తుంది, ఆడుతుంది, మా ఇంట్లో భోంచేసి వెళ్తుంది. ఇంకోసారి మావాళ్లు అక్కడికి వెళ్తారు. కప్పుల్లేవు, పతకాల్లేవు.

నేను టైలర్ని. మెయిన్ రోడ్డు మీద నాకు చిన్న కొట్టుంది. ఊళ్లో సగం మంది ఆడవాళ్ల జాకెట్లు నేనే కుడతాను. మనిషిని చూడగానే టేపు పెట్టకుండా భుజం కొలత చెప్పేస్తాను, పందెం కాస్తే గెలుస్తాను కూడా. మా ఆయన శాంతమూర్తి. ఆయన గొంతు పెంచగా మా పిల్లలు కూడా వినలేదు. ఇంటికి కావాల్సిన కోపం మొత్తం నేనే సరఫరా చేస్తాను. ఫుట్‌బాల్ మీద నాకు ప్రేమా లేదు, పగా లేదు. జెర్సీల మీద నంబర్లు కుట్టడం, మ్యాచ్ రోజు పెద్ద గిన్నెతో సాంబారు కాచడం, అదే నాకూ ఆ ఆటకూ ఉన్న చుట్టరికం.

ఆ ఏడాది పత్తి తీతలు మొదలయ్యాక ఒక సాయంత్రం ఆయన గ్రౌండ్ నుంచి తిరిగొచ్చి, కాళ్లు కూడా కడుక్కోకుండా మంచం మీద కూర్చున్నారు. అన్నం వడ్డిస్తే కలిపి పెట్టుకుని చూస్తున్నారు గానీ ముద్ద నోటికి పోవడం లేదు. గట్టిగా అడిగితే చెప్పారు. స్కూలు కమిటీ పెద్ద పిలిపించాడట. ఆ పెద్దాయన ఒకప్పటి హెడ్మాస్టారు, చర్చిలో పెద్ద, మర్యాదస్తుడు. ఆయన దగ్గరికి మిరప వ్యాపారి ఒకాయన వచ్చి, రోడ్డు పక్కన చదునుగా ఉన్న, మేం ఆడుకునే స్కూలు గ్రౌండ్ తనకు లీజుకి కావాలన్నాడట. నేలంతా సిమెంటు చేయించి, అక్కడ కాయ ఆరబోయించి, రంగు పోయిన తాలుకాయ ఏరించి, అటు నుంచటే కోల్డ్ స్టోరేజీకి పంపుతానన్నాడట.

"మాస్టారూ, మీ మీద నాకు గౌరవం ఉంది. కానీ మీ ఆట చూసేది ఎవరు చెప్పండి? మొన్న నేను అటు పోతూ చూశాను. రెండు మేకలు చూస్తున్నాయి. జనానికి పనికొచ్చే స్థలమైతే కమిటీలో నేను వాదిస్తాను. మేకల కోసం వాదించలేను కదా" అన్నాడట ఆ పెద్దాయన. మిరప మొదటి కోత దిగేలోపు కమిటీ తేల్చేస్తుందట.

"మరి మీరేమన్నారు?" అన్నాను.

"ఏమంటాను? మేకలున్న మాట నిజమే" అన్నారాయన.

నాకు ఒళ్లు మండిపోయింది. కమిటీ మీదా, వ్యాపారి మీదా, అన్నిటికంటే ఎక్కువగా మా ఆయన మీద. ఆ గ్రౌండ్ పోతే ఇంకో గ్రౌండ్ లేదు. ఊరి చుట్టూ ఖాళీ నేలంతా ప్లాట్లేసి రాళ్లు పాతేశారు. గ్రౌండ్ పోతే క్లబ్బు పోతుంది. క్లబ్బు పోతే ఈ మనిషి ఏమైపోతాడో నాకు తెలుసు. రిటైరైన మిగతా మాస్టార్లలా అరుగు మీద కూర్చుని పేపర్లో చావుకబుర్లు చదివే రకం కాదు ఆయన. ఆ కుర్రాళ్ల మధ్య విజిల్ ఊదుకుంటూ తిరిగినంత సేపే ఆయన ఆరోగ్యంగా ఉంటారు. నాకు భయం వేసింది. భయం వేస్తే నాకు కోపం ఇంకా ఎక్కువవుతుంది.

"జనం కావాలంతేగా? తెస్తాను" అన్నాను. ఆయన నావైపు జాలిగా చూసి, అప్పుడు ముద్ద నోట్లో పెట్టుకున్నారు.

మొదట అందరూ చేసే పనే చేశాం. వాట్సాప్ గ్రూపుల్లో మ్యాచ్ సంగతి పెట్టాం. దండం పెట్టే బొమ్మలు, బొటనవేలు బొమ్మలు బోలెడన్ని వచ్చాయి. బస్టాండు దగ్గర ఫ్లెక్సీ కట్టించారు మా కుర్రాళ్లు. అందులో ఊరి నాయకుల మొహాలు గుమ్మడికాయలంత, మా జట్టు ఫొటో అగ్గిపెట్టంత. మ్యాచ్ నాటికి బొటనవేళ్లు పెట్టిన వాళ్లలో ఒక్కరూ రాలేదు. బస్సు తప్పిపోయిన ముసలాయన ఒకాయన వచ్చి కాసేపు నిలబడ్డాడు. ఇంకో బస్సు రాగానే వెళ్లిపోయాడు.

ఆ వారంలోనే కూలి ముఠా మేస్త్రి ఒకావిడ జాకెట్టు వదులు చేయించుకోవడానికి నా కొట్టుకొచ్చింది. మా వైపు పత్తి తీతలకైనా మిరప కోతలకైనా ఆడవాళ్లు ముఠాలుగా వెళ్తారు. ముఠాకి ఒక మేస్త్రి ఉంటుంది. రైతుతో మాట్లాడేది ఆవిడే, ఆటో మాట్లాడేది ఆవిడే, తెల్లారకముందే తలుపులు కొట్టి అందర్నీ లేపేదీ ఆవిడే. ఈ మేస్త్రి రెండో కొడుకు మా జట్టులో లెఫ్ట్ సైడ్ ఆడతాడు. సొంత కొడుకు ఆట కూడా చూడ్డానికి రాని మనిషి నా ఎదురుగా నిలబడితే ఊరుకుంటానా?

"మొన్న మ్యాచ్ పెడితే ఒక్కరన్నా వచ్చారా? మీ అబ్బాయే కదా ఆడేది!" అని కడిగేశాను.

ఆవిడ ఏ మాత్రం తగ్గలేదు. "మమ్మల్నెవరన్నా పిలిచారా అక్కా?" అంది.

"ఫోన్లో పెట్టాం కదా!"

"ఫోన్లో పెడితే పిలిచినట్టా? మీ అమ్మాయి పెళ్లికి ఫోన్లో పెట్టి ఊరుకున్నావా? ఇంటింటికీ వచ్చి పిల్చావు. అందుకే వచ్చాం. మావోడు బంతాట ఆడతాడని తెలుసు. ఎట్టా ఆడతాడో నాకేం తెలుసు? ఆదివారం పొద్దున్నే పెడతారు. పేటోళ్లు చర్చికి పోవాల, మిగతావోళ్లు చేలోకి పోవాల. ఇంక మీ ఆటకి మేకలు గాక ఎవరొత్తారు?"

మేకల సంగతి ఊరంతా పాకిందని అప్పుడే తెలిసింది. కోపం వచ్చింది గానీ, ఆవిడ చెప్పిన మాటలో ఒక్క అక్షరం తప్పు లేదు. మా వైపు గుమ్మంలోకి వచ్చి పిలవనిదే ఎవరూ దేనికీ కదలరు. అన్నదమ్ముల ఇంటి శుభకార్యానికైనా సరే, పిలుపు లేకపోతే గడప దాటరు. మేం ఊరందర్నీ ఫోన్లో పిలిచి, ఎవరూ రాలేదని ఏడుస్తున్నాం.

ఆ సాయంత్రమే మా ఆయనతో చెప్పాను. మ్యాచ్ ఇకనుంచి పొద్దున కాదు, పొద్దు వాలే వేళకి, కూలి ఆటోలు చేల నుంచి తిరిగొచ్చే టైముకి అని.

"ఆ టైములో ఎండ గోల్‌కీపర్ కళ్లలో పడుతుందే" అన్నారాయన.

"పడనివ్వండి. సెకండాఫ్‌లో అవతలి గోల్‌కీపర్ కళ్లలో పడుతుంది" అన్నాను. ఆటలో నేనిచ్చిన మొదటి సలహా అదే.

తర్వాత పిలుపులు మొదలుపెట్టాను. మేం క్రైస్తవులం, మా ఇంట్లో బొట్టు పెట్టి పిలిచే అలవాటు లేదు. అందుకని ఎదురింటి వదినని వెంటేసుకున్నాను. క్రైస్తవుల పేటలో నేను పిలిచేదాన్ని, ఊళ్లో ఆవిడ కుంకుమ భరిణె తీసి బొట్టు పెట్టేది. పెళ్లెవరిదని అందరూ అడిగారు. పెళ్లి కాదు, ఫుట్‌బాల్ అంటే నవ్వారు. నవ్వితే నవ్వారు గానీ, పిలుపు అందుకున్నారు కదా, ఇంక రాకపోతే మాట వస్తుంది. ముఠా మేస్త్రులందర్నీ విడివిడిగా, పేరుపేరునా పిలిచాను. ఒక మేస్త్రి వస్తే ఆటో మొత్తం వస్తుందని నా లెక్క.

ఇంకో పని కూడా చేశాను. మగవాళ్ల బుర్రకి తట్టని పని. సెలవు రోజుల్లో స్కూలు బాత్రూములకి తాళం వేసి ఉంటుంది. పొద్దుటి నుంచి చేలో ఉండి వచ్చిన ఆడమనిషి ఇంకో గంట గ్రౌండ్‌లో ఎలా కూర్చుంటుంది? కమిటీ పెద్ద ఇంటికెళ్లి తాళంచెవి అడిగాను. చూద్దాం అన్నాడు. చూడ్డం కాదు, ఇస్తేగానీ కదలనని వరండాలో కూర్చున్నాను. ఆయన భార్య కాఫీ ఇచ్చింది, తాగాను. కాసేపటికి ఆవిడే లోపలికెళ్లి తాళంచెవి తెచ్చి నా చేతిలో పెట్టింది. నీళ్ల డ్రమ్ము, మగ్గు నేనే పెట్టించాను.

ఆ మ్యాచ్‌కి ఆటోలు వచ్చాయి. రోడ్డు మీద పోవాల్సిన ఆటోలు ఒకదాని వెనక ఒకటి మా గేటు వైపు తిరుగుతుంటే కళ్లలో నీళ్లొచ్చాయి. తలగుడ్డలు విప్పుకుంటూ, అన్నం క్యారియర్లు ఊపుకుంటూ దిగారు అందరూ. గీత పక్కన నేల మీద చతికిలబడ్డారు. ఊళ్లో నుంచి రైతుల ఇళ్ల వాళ్లు కొందరు వచ్చి గోడ పక్కన విడిగా నిలబడ్డారు. వచ్చారు కదా, నాకు అది చాలు అనుకున్నాను. చాలలేదు. కాసేపట్లోనే ఆడవాళ్లందరూ గ్రౌండ్‌కి వీపు తిప్పి, గుండ్రంగా కూర్చుని కబుర్లలో పడ్డారు.

మేస్త్రిని అడిగితే, "ఏం జరుగుతుందో తెలవకపోతే ఏం చూత్తామక్కా? మావోడు అటు ఉరికాడు, ఇటు ఉరికాడు. మంచిదా చెడ్డదా?" అంది.

తర్వాతి మ్యాచ్‌కి మైకు పెట్టించి మా ఆయన చేతికిచ్చాను. ఆయన స్కూలు అసెంబ్లీలో చదివినట్టు చదివారు. బంతి ఇప్పుడు మధ్య భాగంలో ఉన్నది, కుడివైపు ఆటగాడు దానిని అందుకొనుచున్నాడు. అంత ప్రేమగల మనిషి నోట్లోంచి అంత చప్పటి మాటలు ఎలా వస్తాయో! నాకే నిద్ర వచ్చింది.

అప్పుడు నాకు పక్క ఊరి కామెంటరీ ఆయన గుర్తొచ్చాడు. మా ప్రాంతంలో ఎడ్ల బండలాగుడు పోటీలంటే జనం చెవి కోసుకుంటారు. ఒంగోలు గిత్తల జత ఒకటి బరిలోకి వచ్చి రాతి బండను లాగుతుంటే, మైకులో ఒకాయన ఆ జత పుట్టు పూర్వోత్తరాలన్నీ చెబుతూ జనాన్ని నిలబెట్టేస్తాడు. ఈయన ఆ పనిలో పేరున్నవాడు. తిరునాళ్ల రోజుల్లో ఊపిరాడదు గానీ, అప్పటికి ఖాళీగానే ఉన్నాడు. ఆయన భార్య నా దగ్గరే కుట్టించుకుంటుంది. వెళ్లి అడిగాను.

"అమ్మా, నాకు ఎడ్లు తప్ప బంతాట తెలవదు" అన్నాడు.

"ఎడ్లని బరిలో తోలడం మాకు తెలుసా? మీరు చెబితేనే కదా నోరెళ్లబెట్టుకుని చూస్తున్నాం" అన్నాను.

ఆ మాటకు పొంగిపోయాడు. ఒప్పుకుని, మ్యాచ్‌కి ముందు మా కుర్రాళ్లందర్నీ వరసలో నిలబెట్టి ఒక్కొక్కణ్ణీ విచారించాడు. ఏ ఊరు, ఏ పేట, తల్లి ఏం చేస్తుంది, తండ్రి ఏం చేస్తాడు, పొద్దున్నే ఏం తింటాడు. గిత్తల గురించి ఆయన అడిగేవి అవే. చీరాల జట్టు వ్యాను దిగగానే వాళ్లనీ అలాగే నిలబెట్టాడు. వాళ్లు భయపడి ఆధార్ కార్డులు తీశారు.

ఆట మొదలైంది. మైకు ఖంగుమంది.

"అదిగో అదిగో, ఎడమ పక్క నుంచి వత్తన్నాడు చూడండి! ఎవరనుకుంటన్నారు? మన మేస్త్రమ్మ గారి రెండో అబ్బాయి! తల్లి కష్టం, తండ్రి లారీ స్టీరింగు, పొద్దున్నే రాగిజావ, సాయంత్రం పప్పన్నం! అబ్బబ్బ, ఏం పరుగండీ ఏం పరుగు! పాలపళ్ల గిత్త మాదిరి దూకుతన్నాడు! ఆగాడు... ఒకణ్ణి తప్పించాడు... ఇంకోణ్ణి తప్పించాడు..."

వీపులు తిరిగాయి. గుండ్రంగా కూర్చున్న ఆడవాళ్లందరూ ఒక్కసారి గ్రౌండ్ వైపు తిరిగారు. మేస్త్రి అయితే లేచి నిలబడింది. కొంగు నోటికి అడ్డం పెట్టుకుని, కళ్లు పెద్దవి చేసి చూస్తోంది. ఊరందరి ముందూ మైకులో తన గురించి, తన కొడుకు గురించి అంత గొప్పగా ఎవరూ చెప్పి ఉండరు. ఆవిడ మొహం చూసి నాకు దుఃఖం ఆగలేదు. ఇన్నేళ్లుగా ఈ పిల్లలు ఆడుతున్నారు, వీళ్ల తల్లులు ఒక్కసారీ చూడలేదు, మాకెవరికీ ఆ సంగతి పట్టలేదు.

ఆఫ్‌సైడ్ వచ్చినప్పుడు మాత్రం ఆయన తడుముకున్నాడు. "ఏదో పొరపాటు జరిగిందంట, రిఫరీ గారు ఒప్పుకోలా, పోనీలెండి" అని దాటేశాడు. అంతకంటే బాగా ఆఫ్‌సైడ్‌ని ఇప్పటికీ ఎవరూ నాకు వివరించలేదు.

కాసేపటికి చీరాల వాళ్లు గోల్ కొట్టారు. మైకులో ఆయన గొంతు చించుకున్నాడు. "సెబాస్! చీరాల మగ్గం బిడ్డ కొట్టాడండీ! తండ్రి నేతగాడు, బిడ్డ ఆటగాడు! చప్పట్లు, చప్పట్లు!" ఇంకేముంది, మా జనం అంతా లేచి చప్పట్లు, ఈలలు. ఆడవాళ్లు కూడా ఈలలే! గోల్ తిన్నది మన జట్టని ఒక్కరూ బాధపడలేదు. ఎవరో ముసలాయన గ్రౌండ్‌లోకి నడుచుకుంటూ పోయి, గోల్ కొట్టిన చీరాల కుర్రాడి మెడలో తన తువ్వాలు వేసి వచ్చాడు.

ఎన్నడూ కోపం ఎరగని మా ఆయన ఆ రోజు ఒంటికాలి మీద లేచారు. "మనం ఓడిపోతుంటే చప్పట్లేంటే! వీళ్లని నువ్వు పిలిచింది మనకోసమా వాళ్లకోసమా?" అని నా మీద విరుచుకుపడ్డారు.

ఆయన అరుస్తుంటే నాకు విచిత్రంగా శాంతం వచ్చేసింది. "ఏవండీ, బండలాగుడులో ఒక జత తర్వాత ఒక జత వస్తుంది. బాగా లాగిన ప్రతి జతకీ చప్పట్లు కొడతారు. నీ జత, నా జత అని చూడరు. వీళ్లకి తెలిసిన ఆట అది. వీళ్లు ఇలాగే చూస్తారు" అన్నాను.

"అది తప్పు!"

"మేకలు ఏ తప్పూ చేయలేదుగా. వాటినే పిలుద్దామా?"

ఆయన వెళ్లి గోల్‌పోస్టు వెనక నిలబడ్డారు.

ఆట అయ్యాక మా ఇంట్లో భోజనాల దగ్గర చీరాల కెప్టెన్ మెల్లగా అడిగాడు. "ఆంటీ, మీ ఊరోళ్లు మమ్మల్ని వెక్కిరించారా, నిజంగానే మెచ్చుకున్నారా?" నిజంగానే అన్నాను. అతను సాంబారన్నం కలుపుతూ తల దించుకున్నాడు. ఎక్కడికెళ్లినా తిట్లే తిన్నాం ఆంటీ, అన్నాడు.

అక్కడి నుంచి నేను చేయాల్సిన పని సగం తగ్గిపోయింది. చీరాల జట్టు మళ్లీ వస్తామని వాళ్లే అడిగారు. వచ్చినప్పుడు అమ్మల్ని, పెళ్లాల్ని, పిల్లల్ని ఎక్కించుకుని రెండు వ్యాన్లలో వచ్చారు. వాళ్ల దగ్గర విని కనిగిరి వాళ్లు ఫోన్ చేశారు. అంత దూరం నుంచి ఒక మామూలు మ్యాచ్ కోసం ఎవరైనా వస్తారా? వచ్చారు. మైకులో తమ తల్లుల గురించి చెబుతారని వచ్చారు. వచ్చే ప్రతి జట్టూ తన జనాన్ని తెచ్చుకునేది. ఊళ్లో కూడా పద్ధతి మారింది. గోడ పక్కన విడిగా నిలబడ్డ వాళ్లు ఒక్కో మ్యాచ్‌కి కాస్త కాస్త ముందుకు జరిగి, చివరికి అందరితో పాటు నేల మీదే కూర్చున్నారు. అందరూ కలిసిపోయారని గొప్పలు చెప్పను, లేచి ఇంటికి పోయేటప్పుడు ఎవరి దారి వారిదే. ఆట నడిచినంత సేపు మాత్రం ఒకటే అరుపు. మిరపకాయ బజ్జీల బండి వచ్చింది, సోడా బండి వచ్చింది. పిలుపులకి మాత్రం నేను మానకుండా తిరిగాను. పిలుపు మానేస్తే ఏమవుతుందో నాకు తెలుసు.

మిరప చేలు ఎర్రబడ్డాయి. మొదటి కోత దగ్గరపడింది. కమిటీ పెద్ద కబురు పంపాడు, వినుకొండ వాళ్లతో మ్యాచ్ నాడు తానే వచ్చి చూస్తానని, వెంట వ్యాపారి కూడా వస్తాడని. మా ఆయన ముందురోజంతా సున్నం గీతలు గీస్తూ, చెరిపి మళ్లీ గీస్తూ గడిపారు.

ఆ సాయంత్రం ఇసుక వేస్తే రాలని జనం. వ్యాపారి కారు గేటులోకి రావడానికి ఆటోలు అడ్డం. దిగి నడిచి వచ్చారు ఇద్దరూ. కమిటీ పెద్ద చుట్టూ చూసి, నావైపు తిరిగి చేతులు జోడించాడు. నేను తల పైకెత్తుకుని నమస్కారం పెట్టాను. గర్వంగా లేదంటే అబద్ధం.

మ్యాచ్ మాత్రం మావాళ్లు ఓడిపోయారు. పెద్దల ముందు ఆడుతున్నామన్న బెదురుతో కాళ్లు కట్టేసినట్టు ఆడారు. వినుకొండ వాళ్లు గోల్ మీద గోల్ కొట్టారు. జనం ప్రతి గోల్‌కీ లేచి చప్పట్లు కొట్టారు. మా ఆయన మొహం పాలిపోయింది. ఆట అయ్యాక ఆయన కమిటీ పెద్ద దగ్గరికి వచ్చి, పరీక్ష తప్పిన పిల్లాడిలా నిలబడ్డారు.

వ్యాపారి నవ్వాడు. "జనం వచ్చారు, కాదనను. కానీ సొంత జట్టు ఓడిపోతే చప్పట్లు కొట్టే జనం ఏం జనమండీ? వీళ్లకి ఆట కాదు కావాల్సింది, కాలక్షేపం. మైకు ఎక్కడ పెడితే అక్కడికి పోతారు. గ్రౌండ్ నాకిస్తే స్కూలుకి నాలుగు గదులు కట్టించుకోవచ్చు. పెద్దవారు మీరు ఆలోచించండి."

కమిటీ పెద్ద గడ్డం నిమురుకుంటూ నిలబడ్డాడు. నాలుగు గదులన్న మాట ఆయనకి తగిలిందని నాకు అర్థమైంది. నిజంగానే ఆ స్కూలుకి గదులు కావాలి. ఎప్పుడూ తడుముకోని నా నోరు ఆ క్షణాన నన్ను వదిలేసింది. ఇన్ని గడపలు తిరిగి తెచ్చిన జనం, వాళ్ల చప్పట్లతోనే మా గ్రౌండ్‌ని వ్యాపారి చేతిలో పెట్టేశారే అనిపించింది.

పక్కనే క్యారియర్ సర్దుకుంటున్న మేస్త్రి ఇదంతా విన్నట్టుంది. లేచి, చీర దులుపుకుని దగ్గరికి వచ్చింది.

"అయ్యగారూ, ఈడ కాయ పోయిత్తారంటగా?" అంది వ్యాపారితో.

"అవునమ్మా. నీకూ మంచిదే, ఊళ్లోనే పని" అన్నాడాయన.

"పోయించండి. తాలు ఎవరు ఏరతారు?"

"అదేంటి, మీరే..."

"మేం ఏరం."

ఆవిడ గొంతు పెద్దదేం చేయలేదు. రైతుతో కూలి మాట్లాడేటప్పటి గొంతే. "మా ముఠా ఈ గేటులోకి పనికి రాదు. మా పిలకాయలు ఆడే చోట మేం కాయ ఏరం. చుట్టు పక్కల పొలాలన్నిట్లో పనుంది మాకు, ఈడే చేయాలని లేదు" అంది. తర్వాత వెనక్కి తిరిగి, ఆటోల దగ్గరున్న మిగతా మేస్త్రులకి వినపడేట్టు కేకేసింది. "ఒసే, ఈ గ్రౌండ్‌లో మిరగాయలు పోత్తారంట! ఎవరన్నా ఏరతానికి వత్తారా?"

ఒక ఆటో దగ్గర నుంచి "మేం రాం!" అని వినపడింది. రెండో ఆటో దగ్గర నుంచి ఇంకా గట్టిగా వినపడింది. ఆ తర్వాత ఏ ఆటో నుంచి ఎవరంటున్నారో తెలియకుండా అందరూ అన్నారు. కామెంటరీ ఆయన ఉండబట్టలేక మైకు ఆన్ చేసి, "మేస్త్రమ్మ గారి మాట విన్నారుగా!" అన్నాడు. ఎవరూ అడగకుండానే మళ్లీ చప్పట్లు.

కోతల రోజుల్లో కూలీల కోసం రైతులు ఎన్ని ఊళ్లు తిరుగుతారో మా వైపు పుట్టిన ఎవరికైనా తెలుసు. వ్యాపారికి ఇంకా బాగా తెలుసు. ఆరబోసిన కాయని ఏరేవాళ్లు లేకపోతే, మంచు పడి, తాలుతో కలిసి, సరుకంతా రంగు పోతుంది. ఆయన చుట్టూ ఒకసారి చూశాడు. కాలక్షేపానికి వచ్చిన జనం అన్నాడే, ఆ జనం చేతులు లేనిదే ఆయన వ్యాపారం ఒక్క అడుగు కదలదు. కమిటీ పెద్దకి నమస్కారం పెట్టి, ఆటోల మధ్య నుంచి దారి చేసుకుంటూ కారు దగ్గరికి వెళ్లిపోయాడు.

కమిటీ పెద్ద మా ఆయన భుజం మీద చెయ్యి వేశాడు. "మాస్టారూ, గదుల సంగతి వేరే చూసుకుందాం. గ్రౌండ్ మీదే. ఇప్పుడు కాదని ఈవిడతో ఎవరు తగాదా పెట్టుకుంటారు?" అన్నాడు మేస్త్రిని చూపించి. మా ఆయన జేబులోంచి విజిల్ తీసి ఊదారు. ఎందుకు ఊదారో ఆయనకే తెలియదు. వినుకొండ కుర్రాళ్లు మళ్లీ ఆట మొదలవుతుందేమోనని పరిగెత్తుకొచ్చారు.

కోతలు పూర్తి ఊపు మీదున్న రోజుల్లోనే తర్వాతి మ్యాచ్ పెట్టాం. పని ఎక్కువ, అలసట ఎక్కువ, ఎవరొస్తారులే అనుకున్నాను. ఆ రోజు ఒక పెళ్లి బట్టలు కుట్టివ్వాల్సి వచ్చి, నేను వెళ్లేసరికి ఆట మొదలైపోయింది. గేటు దాకా జనమే. చేల నుంచి నేరుగా వచ్చిన ఆడవాళ్ల చేతుల నుంచి, బట్టల నుంచి మిరప ఘాటు గుప్పుమంటోంది. తుమ్ముకుంటూ, మధ్యలోంచి తోసుకుంటూ, ఎలాగోలా ముందుకు పోయి గీత పక్కన నిలబడ్డాను. మా ఆయన ఎక్కడున్నారో వెతుక్కుంటుంటే, ఎవరో వెనక నుంచి నా నడుము మీద గట్టిగా తట్టారు.

తిరిగి చూస్తే నాకు అసలు పరిచయం లేని మనిషి. మా ఊరు కాదు, నేనెప్పుడూ పిలవలేదు, ఏ ముఠాతో వచ్చిందో తెలియదు. ఒళ్లో క్యారియర్ పెట్టుకుని, మెడ సాచి, నా పక్క నుంచి ఆట చూడ్డానికి అవస్థ పడుతోంది.

"ఏందమ్మా గోడలాగా అడ్డం నిలబడ్డావు? ఇంతమందిమి చూత్తన్నాం, కనపడట్లా? పక్కకి జరుగు!" అని కసిరింది.

ఇన్నేళ్ల బతుకులో నన్నెవరైనా అలా కసిరితే బదులివ్వకుండా వదిలిపెట్టింది లేదు. ఆ రోజు మాత్రం నోరెత్తకుండా పక్కకి జరిగాను.